ప్లాక్ సోరియాసిస్ ఉన్నవారికి ఫిజియోథెరపీ: చర్మాన్ని కాపాడుకుంటూ కదలికను తెచ్చుకోవడం ఎలా

మోకాలి నొప్పికో, పట్టేసిన భుజానికో, నడుము నొప్పికో ఫిజియోథెరపీకి వచ్చిన వ్యక్తికి ప్లాక్ సోరియాసిస్ కూడా ఉన్నప్పుడు చికిత్స పద్ధతిలో మార్చుకోవలసినవి చాలానే ఉంటాయి. అంటించే టేపు, బిగించే బెల్టు, వేడి కాపడం, మర్దన, కరెంటు పరికరం, చివరికి చాపమీద మోకాళ్ళూని చేసే వ్యాయామం కూడా కండరానికీ కీలుకూ చేరేది చర్మం మీదుగానే. ఆ చర్మం ఒత్తిడికీ రాపిడికీ ఎలా స్పందిస్తుందో ముందుగా తెలుసుకోకపోతే, కీలుకు మేలు చేయబోయి చర్మానికి కీడు చేసినవాళ్ళమవుతాం. అలాగని మచ్చలన్నీ తగ్గేదాకా కదలకుండా కూర్చోమని చెప్పడం అంతకంటే పెద్ద పొరపాటు. మచ్చలు పూర్తిగా తగ్గే రోజు కోసం ఎదురుచూస్తూ నెలలూ సంవత్సరాలూ గడిపి, ఆలోగా కండబలం పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను. చర్మం ఎలా ఉన్నా ఆ రోజుకు తగిన వ్యాయామం ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకోవడం ఎలాగో రోగికీ, చికిత్స చేసేవారికీ ఇద్దరికీ తెలియాలి.

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి చర్మంలో వాపును రగిలించడం వల్ల వచ్చే దీర్ఘకాలిక వ్యాధి ఇది. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు నెలరోజులు పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఆ ప్రయాణమంతా కొద్ది రోజుల్లోనే ముగిసిపోతుంది. పూర్తిగా ముదరని కణాలు పైన పేరుకుని, అంచులు స్పష్టంగా తెలిసే మందపాటి మచ్చలుగా, వాటిమీద తెల్లని లేదా వెండి రంగు పొలుసులుగా తయారవుతాయి. ఈ మందపాటి మచ్చనే ప్లాక్ అంటారు. సోరియాసిస్ ఉన్న పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఉండేది ఈ రకమే. లేత రంగు చర్మంమీద మచ్చ ఎర్రగా కనిపిస్తుంది. చామనఛాయ, నల్లని చర్మాలమీద అది ఊదా, ముదురు గోధుమ, బూడిద రంగుల్లో ఉండవచ్చు కాబట్టి, ఎరుపు కోసం మాత్రమే వెతికేవారు వాపు ఎక్కువగా ఉన్న మచ్చను పాత మచ్చగా పొరబడే ప్రమాదం ఉంది. మచ్చలు తరచుగా వచ్చే మోచేతులు, మోకాళ్ళు, నడుము కింది భాగం, తల అనే ఈ చోట్లన్నీ ఫిజియోథెరపీలో చేతులు ఎక్కువగా పనిచేసే చోట్లే.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసింది కోబ్నర్ స్పందన. జర్మన్ వైద్యుడు హైన్రిష్ కోబ్నర్ 1870లలో వివరించిన ఈ లక్షణం ప్రకారం, సోరియాసిస్ ఉన్న వ్యక్తి చర్మానికి మచ్చలేని చోట గాయమో, గీతో, గట్టి రాపిడో తగిలితే సరిగ్గా అక్కడే కొత్త మచ్చ రావచ్చు. సాధారణంగా 10 నుంచి 20 రోజుల మధ్య అది బయటపడుతుంది. ఇది అందరిలోనూ జరగదు, సుమారు నాలుగింట ఒక వంతు మందిలో కనిపిస్తుందని చర్మవైద్య గ్రంథాలు చెబుతాయి. వ్యాధి చురుకుగా ఉన్న రోజుల్లో ఎక్కువ. నా వృత్తి తొలి సంవత్సరాల్లో భుజం నొప్పితో వచ్చిన ఒక యువకుడికి భుజం చుట్టూ వై ఆకారంలో సాగే టేపు అంటించాను. మోచేతిమీద చిన్న మచ్చ ఉన్నా, భుజం దగ్గర చర్మం నున్నగా ఉంది కదా అనుకున్నాను. నాలుగో రోజు అతను ఇంటివద్ద ఆ టేపును ఒక్క గుంజుతో లాగేశాడు. మూడో వారంలో వచ్చి చొక్కా తీసి చూపించినప్పుడు, వై అక్షరం రెండు కాళ్ళూ ఎక్కడ అంటుకున్నాయో అక్కడల్లా సన్నని పొలుసుల గీత లేచి ఉంది. టేపు ఎలా తీయాలో నేను అతనికి చెప్పలేదు, చర్మానికి గాయమైతే ఏమవుతుందని అడగనూ లేదు. అప్పటినుంచి ప్రతి కొత్త రోగినీ నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "గీసుకున్న చోటో, దెబ్బ తగిలిన చోటో, కుట్లు పడిన చోటో తర్వాత మచ్చ వచ్చిందా?" అవునన్న సమాధానం వస్తే టేపు, సూది, గీరే పనిముట్లు అన్నిటినీ పక్కన పెట్టేస్తాను.

మొదటి రోజు చేయవలసినవి

మొదటి పరీక్షకు తలుపు వేసుకోగల గది కావాలి. నలుగురి మధ్య తెర లాగి బట్టలు తొలగించమంటే ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామంది నొప్పి ఉన్న చోటును కూడా దాచేస్తారు. రెండు మోకాళ్ళమీదా తువ్వాలు కప్పుకుని కూర్చున్న ఒకావిడ, పరీక్ష కోసం నేను చేయి చాపగానే కాలు వెనక్కి తీసుకుని, "ముట్టుకోవచ్చా అండీ? మీకేమీ ఇబ్బంది ఉండదు కదా?" అని అడిగారు. ఆమె అప్పటికి మూడేళ్ళుగా మోకాళ్ళ నొప్పితో ఉన్నారు, ఆ మూడేళ్ళలో ఒక్కరు కూడా ఆ మోకాలిని చేత్తో పట్టుకుని చూడలేదు. తువ్వాలు తీసి, మచ్చమీద అరచేయి మెల్లగా ఆనించి, మోకాలి చిప్పను అటూ ఇటూ కదిపి చూశాను. ఆ తర్వాతనే ఆమె మెట్లు దిగేటప్పుడు ఎక్కడ నొప్పి పుడుతుందో వివరంగా చెప్పగలిగారు. చర్మం పగిలి రక్తమో రసో కారుతుంటే తప్ప చేతి తొడుగులు అవసరం లేదు. కారణం లేకుండా తొడుగు వేసుకుంటే, అంటుకుంటుందన్న అపోహను మనమే బలపరిచినట్టు అవుతుంది.

పరీక్షలో మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక శరీర పటంమీద గుర్తించుకోవాలి. రోగి అరచేయి వేళ్ళతో సహా అతని శరీర ఉపరితలంలో సుమారు 1 శాతం అన్న లెక్కతో మచ్చల విస్తీర్ణాన్ని అంచనా వేయవచ్చు. పగుళ్ళు ఉన్న మచ్చ, పొడిగా మూసుకుని ఉన్న మచ్చ, మానిపోయి రంగు మాత్రమే మిగిలిన చోటు, ఈ మూడింటినీ వేరువేరుగా రాసుకోవాలి. వీటిలో పగుళ్ళు ఉన్న చోటుకే గట్టి నిషేధాలు వర్తిస్తాయి. చాలాకాలం స్టెరాయిడ్ పూతమందు రాసిన చోట చర్మం పలచబడి, రక్తనాళాలు పైకి కనిపిస్తూ ఉంటుంది. అలాంటి చర్మం టేపుతో పాటు ఊడి వచ్చేంత సున్నితంగా ఉండవచ్చు. పొలుసులను గోటితో గీకి చూడకూడదు, కింద సూదిమొన లాంటి రక్తపు బిందువులు లేస్తాయి.

కీళ్ళ సంగతి

సోరియాసిస్ ఉన్నవారిలో పదిమందికి ముగ్గురి దాకా ఎప్పుడో ఒకప్పుడు సోరియాటిక్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం రావచ్చు. చాలామందిలో చర్మవ్యాధి మొదలైన కొన్నేళ్ళకు, తరచుగా పదేళ్ళ ప్రాంతంలో, ఇది తలెత్తుతుంది. ఆ దశలో రోగి మొదట వెళ్ళేది ఫిజియోథెరపిస్టు దగ్గరికే కావచ్చు, ఎందుకంటే అతని దృష్టిలో అది మామూలు మడమ నొప్పి, లేదా నడుము నొప్పి. అందువల్ల ఐదు విషయాలు తప్పకుండా అడగాలి: ఎప్పుడైనా ఏదైనా కీలు వాచిందా, ఆర్థరైటిస్ ఉందని వైద్యుడెవరైనా చెప్పారా, చేతిగోళ్ళమీద గానీ కాలిగోళ్ళమీద గానీ చిన్న చిన్న గుంటలు ఉన్నాయా, మడమ నొప్పి వచ్చిందా, ఏ కారణమూ లేకుండా ఒక వేలు మొత్తం ఉబ్బి నొప్పి పెట్టిందా? పెస్ట్ అని పిలిచే ప్రశ్నావళిలోని అంశాలివే. మూడు లేదా అంతకుమించి ప్రశ్నలకు అవునన్న సమాధానం వస్తే కీళ్ళవాత నిపుణుడైన రుమటాలజిస్టు దగ్గరికి పంపాలి. ఉదయం లేవగానే అరగంటకు మించి ఉండే బిగుతు, విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గే నడుము నొప్పి, రాత్రి రెండో సగంలో నిద్ర లేపే నొప్పి కూడా వాపు వల్ల వచ్చే కీళ్ళవాతానికి సూచనలే. ఆలస్యం చేస్తే కీలు శాశ్వతంగా పాడయ్యే అవకాశం ఉంది. కాబట్టి నాలుగు వారాలు వ్యాయామం చేయించి చూద్దామని ఆగడం సరికాదు. వ్యాయామం మొదలుపెట్టవచ్చు, కానీ ఉత్తరం ఆ రోజే రాసి ఇవ్వాలి.

వ్యాయామాన్ని చర్మానికి తగినట్టు మలచడం

ఈ వ్యాధి తీవ్రంగా ఉన్నవారిలో గుండెజబ్బులు, మధుమేహం, అధిక బరువు ఎక్కువగా కనిపిస్తాయి. బరువు ఎక్కువగా ఉన్నవారు దాన్ని తగ్గించుకుంటే చర్మం కూడా కొంత మెరుగుపడుతుందని పరిశోధనలు చూపించాయి. అందువల్ల నొప్పి ఉన్న కీలుకు మాత్రమే వ్యాయామం చెప్పి పంపడం చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించిన కొలత వీరికీ లక్ష్యమే: వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం. ఎన్నో ఏళ్ళుగా కదలికకు దూరమైనవారు రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి కొన్ని నిమిషాల చొప్పున పెంచుకుంటూ అక్కడికి చేరవచ్చు. శ్రమ ఎంత ఉండాలన్నదానికి మాట్లాడి చూసుకోవడమే సులువైన కొలత. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడడం మాత్రం కష్టంగా ఉండాలి. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో గుండె వేగం మందువల్ల అణిగి ఉంటుంది కాబట్టి, వారికి నాడి లెక్కకంటే ఈ కొలతే నమ్మదగినది.

వ్యాయామానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు మచ్చలమీద వాసన లేని మాయిశ్చరైజర్ పలచగా రాసి ఇంకనివ్వాలి. పొడిగా బిగుసుకున్న మచ్చను ఒక్కసారిగా వంచితే మోకాలి ముందు, మోచేతి వెనుక అడ్డంగా పగులుతుంది. ఆ పగులు మానడానికి వారం పడుతుంది, ఆ వారమంతా వ్యాయామం ఆగిపోతుంది. మెత్తబడిన తర్వాత మొదటి ఐదారుసార్లు కీలును సగం దాకా మాత్రమే, మెల్లగా వంచాలి. చర్మం తెల్లబడి బిగుసుకోవడం కనిపిస్తే అక్కడ ఆగి రెండు మూడు శ్వాసలు తీసుకుని, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాలి. అరచేతులకూ అరికాళ్ళకూ మాయిశ్చరైజర్ రాస్తే మాత్రం వ్యాయామానికి ముందే పూర్తిగా తుడిచేయాలి. జారిపడే ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చర్మం నేలకు రాసుకునే భంగిమలను మార్చడం ఈ చికిత్సలో అసలైన నేర్పు. మోకాళ్ళమీద మచ్చలున్నవారిచేత మోకాళ్ళూ చేతులూ నేలకు ఆనించి చేసే వ్యాయామం చేయించకుండా, అదే కండరాలను బల్లమీద చేతులానించి నిలబడి పనిచేయించవచ్చు. మోచేతులమీద ఆనుకుని చేసే ప్లాంకుకు బదులు గోడకో, ఎత్తైన బల్లకో అరచేతులానించి శరీరాన్ని ఏటవాలుగా నిలపవచ్చు. నడుము కింద మచ్చ ఉన్నవారు వెల్లకిలా పడుకుని పొత్తికడుపు వ్యాయామాలు చేస్తే ఆ మచ్చ చాపకు రాసుకుంటుంది, అదే పని కుర్చీ అంచున కూర్చునో, పక్కకు తిరిగి పడుకునో చేయవచ్చు. తొడ ముందు కండరానికి బలం కావాలంటే కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం చాలా మంచి వ్యాయామం. దానికి పనిముట్లు అక్కర్లేదు, మోకాలి చర్మానికి ఏదీ తగలదు, ఎన్నిసార్లు లేచారో లెక్కపెడితే ప్రగతి కూడా తెలుస్తుంది. సాగే రబ్బరు బ్యాండును చర్మానికి నేరుగా చుట్టకుండా పల్చని నూలు గుడ్డమీద చుట్టాలి. చీలమండకు కట్టేటప్పుడు మేజోళ్ళమీద కడితే సరిపోతుంది.

బట్టలు వదులుగా, మెత్తగా, లోపలి కుట్లు గుచ్చుకోనివిగా ఉండాలి. నడుము పట్టీ, బ్రా పట్టీ, మేజోడు అంచు బిగుతుగా ఉంటే రోజూ ఒకే గీతమీద రాపిడి జరిగి ఆ గీత వెంబడే కొత్త మచ్చ రావచ్చు. చెమట మచ్చలను మండిస్తుంది, దురద పెంచుతుంది, మడతల్లో నిలిచిపోతే చర్మాన్ని నానబెడుతుంది. వ్యాయామం గాలి ఆడే చోట, చల్లని పూట పెట్టుకోవాలి. అయిపోగానే గోరువెచ్చని నీటితో కడుక్కుని, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకోవాలి.

మోతాదు ఎక్కువైందా లేదా అన్నది మరుసటి రెండు గంటలు చెబుతాయి. వ్యాయామం తర్వాత పెరిగిన కీలు నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే, లేదా మర్నాడు ఉదయం బిగుతు మామూలుకంటే ఎక్కువసేపు ఉంటే, ఈసారి బరువో లెక్కో నాలుగో వంతు తగ్గించాలి. వ్యాయామాన్ని మానేయకూడదు. వాచి వేడిగా ఉన్న కీలును బలవంతంగా చివరిదాకా సాగదీయకూడదు. ఆ రోజుల్లో నొప్పి పుట్టనంత దూరం మెల్లగా కదిలించడం, కీలు కదలకుండా కండరాన్ని ఐదారు క్షణాలు బిగించి వదలడం సరిపోతాయి. మడమ వెనుక నొప్పి ఉన్నవారు మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే వ్యాయామాన్ని మొదట్లోనే చేయకుండా, చదునైన నేలమీద మడమలు లేపి దించడంతో మొదలుపెట్టాలి.

చేతులతో, పరికరాలతో చేసే చికిత్స

మర్దనకు రోగి రోజూ వాడే మాయిశ్చరైజర్‌నే వాడడం మేలు, ఎందుకంటే అది ఆ చర్మానికి పడుతుందని ముందే తెలుసు. సువాసన నూనెలు, మంట పుట్టించే నొప్పి పూతలు వద్దు. మచ్చలమీద చేయి జారుతూ పోవాలి తప్ప గట్టిగా రుద్దకూడదు. లోతైన ఒత్తిడి అవసరమైతే మచ్చలేని చోట, అరచేయి వెడల్పుతో, నిలకడగా ఇవ్వాలి. పనిముట్లతో గీరడం, చర్మాన్ని కప్పులతో పీల్చడం, సూదులు గుచ్చడం కోబ్నర్ స్పందనను రేపగల పనులే కాబట్టి, వ్యాధి చురుకుగా ఉన్నప్పుడు వాటిని మానుకోవాలని నా అభిప్రాయం. కండరం వదులు కావడానికి వేరే మార్గాలు ఉండగా ఆ ప్రమాదం తెచ్చుకోవలసిన అవసరం కనిపించదు.

వేడి కాపడం బిగుసుకున్న కండరానికి హాయినిచ్చినా, మచ్చల్లో దురదను పెంచుతుంది. పెట్టవలసి వస్తే పొడి తువ్వాలు మామూలుకంటే ఒక పొర ఎక్కువ వేసి, ఐదు నిమిషాలకొకసారి చర్మాన్ని చూస్తూ ఉండాలి. వాచిన కీలుమీద వేడి వద్దు. చల్లని కాపడం వాపుకీ దురదకీ రెండింటికీ ఉపశమనమిస్తుంది; మంచును తడిగుడ్డలో చుట్టి పది నిమిషాలు దాటకుండా పెట్టాలి. మాయిశ్చరైజర్లు, ముఖ్యంగా పారఫిన్ ఉన్నవి, బట్టల్లోకీ పక్కబట్టల్లోకీ ఇంకితే ఆ బట్ట నిప్పు తగిలినప్పుడు వేగంగా అంటుకుంటుంది. అలాంటి బట్టలతో పొయ్యి దగ్గరికీ, మండే కొవ్వొత్తి దగ్గరికీ వెళ్ళకూడదని, పక్కమీద కూర్చుని సిగరెట్ కాల్చకూడదని తప్పకుండా చెప్పాలి.

నొప్పి తగ్గించే టెన్స్ వంటి కరెంటు పరికరాల ఎలక్ట్రోడ్లను మచ్చమీద పెట్టకూడదు. మందపాటి పొలుసు కరెంటును సరిగా పోనివ్వదు, పగులు ఉంటే కరెంటంతా ఆ సందులోంచే పోయి మంట పుట్టిస్తుంది, చర్మం కాలవచ్చు కూడా. అంటుకునే ప్యాడ్లు లాగినప్పుడు చర్మాన్ని గాయపరుస్తాయి కాబట్టి, తడి స్పాంజితో వాడే రబ్బరు ఎలక్ట్రోడ్లను పట్టీతో వదులుగా నిలపడం నయం. అల్ట్రాసౌండ్ పరికరంలో చర్మానికి ఆనించే కొనను కూడా పగిలిన చర్మంమీద తిప్పకూడదు. మెడను సాగదీసే ట్రాక్షన్ చికిత్స ఇచ్చేటప్పుడు గడ్డం కింద, తల వెనుక బిగించే పట్టీ తలలోని మచ్చలను ఒరుసుకుంటుంది. చేతులతో నెమ్మదిగా ఇచ్చే ట్రాక్షన్ అక్కడ మేలు.

టేపు తప్పనిసరి అనిపిస్తే ముందు రెండు అంగుళాల ముక్కను మచ్చలేని చోట ఒక రోజు ఉంచి తీసి, మూడు వారాలు ఆగి చూడాలి. ఎలర్జీ ఉంటే ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది. కోబ్నర్ స్పందన తెలియడానికి ఆ మూడు వారాలు కావాలి. తీసేటప్పుడు నూనె రాసి, అంచు మెత్తబడిన తర్వాత, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకుని, టేపును పైకి లాగకుండా చర్మానికి సమాంతరంగా వెనక్కి మడుస్తూ వెంట్రుకలు పెరిగే దిశలో తీయాలి. బెల్టు, మోకాలి పట్టీ వంటివాటిని నూలు గుడ్డమీద వేసి, మొదటిరోజు ఇరవై నిమిషాలకే విప్పి కింద చర్మాన్ని చూడాలి.

నీటిలో వ్యాయామం

నీటిలో శరీరం బరువు తేలికవుతుంది, నేలకు మోకాలు ఆనదు, బట్ట ఒరుసుకోదు. కీళ్ళ నొప్పీ చర్మమూ రెండూ బాధిస్తున్నవారికి ఇంతకంటే మంచి చోటు అరుదు. పగుళ్ళు తెరుచుకుని ఉన్నప్పుడు మాత్రం దిగకూడదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ఈ నియమం మరీ ముఖ్యం. క్లోరిన్ చర్మాన్ని పొడిబారుస్తుంది, అందువల్ల దిగే ముందు పలచగా మాయిశ్చరైజర్ రాసి, బయటికి రాగానే మంచినీటితో కడిగి, మళ్ళీ ధారాళంగా రాయాలి. వేడినీళ్ళు వద్దు. తోటివారి చూపులకు భయపడి కొలనుకు వెళ్ళనివారు చాలామంది ఉంటారు. అలాంటివారికి రద్దీలేని వేళ కేటాయించడం, నిర్వాహకులకు ఇది అంటువ్యాధి కాదని ముందుగానే రాసి పంపడం చికిత్స చేసేవారి బాధ్యతలో భాగమని నేను నమ్ముతాను.

అరచేతులు, అరికాళ్ళు

మచ్చలు ఇక్కడ ఉంటే శరీరంలో ఒకటి రెండు శాతమే ఆక్రమించినా జీవితాన్ని బాగా కుంటుపరుస్తాయి. అరికాలి పగులును తప్పించుకోవడానికి పాదం అంచుమీద నడిచేవారికి కొన్ని వారాల్లో మోకాలి నొప్పి, తుంటి నొప్పి మొదలవుతాయి. అప్పుడు మోకాలికి చికిత్స చేస్తూ పాదాన్ని చూడకపోతే ప్రయోజనం ఉండదు. రాత్రి మందపాటి మాయిశ్చరైజర్ రాసి నూలు మేజోళ్ళు తొడుక్కోవడం, పగలు మెత్తని అట్ట ఉన్న, వేళ్ళ దగ్గర వెడల్పైన బూట్లు వేసుకోవడం, గరుకు నేలమీద ఉత్తకాళ్ళతో నడవకపోవడం పాదానికి రక్షణ. పగుళ్ళు ఉన్న వారం నడకకు బదులు నిలిచి ఉండే సైకిల్ తొక్కవచ్చు. చేతుల విషయంలో డంబెల్ పిడికి మెత్తని గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు సులువై ఒత్తిడి పరుచుకుంటుంది. అదీ నొప్పి అనిపిస్తే మణికట్టుకు నూలు గుడ్డమీద బరువు కట్టి చేయి ఎత్తవచ్చు.

కాంతి చికిత్స, మందులు

కాంతితో చేసే చికిత్స కూడా భౌతిక చికిత్సే, బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులు దాన్ని ఇచ్చిన చరిత్ర ఉంది. 1925లో అమెరికా వైద్యుడు గోకర్‌మన్ తారు పూతనూ అతినీలలోహిత కాంతినీ కలిపి వాడిన పద్ధతిని ప్రకటించాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది 311 నానోమీటర్ల ప్రాంతంలోని నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి, సాధారణంగా వారానికి మూడుసార్లు, కొన్ని వారాలపాటు. మోతాదు నిర్ణయించేది చర్మవైద్యులే. వ్యాయామం చేయించేవారు తెలుసుకోవలసినవి కొన్నే: కాంతికి ముందు మందపాటి పూతలు, ముఖ్యంగా సాలిసిలిక్ ఆమ్లం ఉన్నవి రాస్తే కాంతి లోపలికి చేరదు; కాంతి తీసుకున్న రోజున చర్మం కమిలినట్టు ఉంటే ఆ చోట వేడి కాపడం, మర్దన, టేపు వద్దు; ఆరుబయట నడక ఆ రోజు నీడపట్టున చేయాలి. చర్మాన్ని కాంతికి సున్నితంగా మార్చే సోరాలెన్ మందుతో పాటు ఇచ్చే పూవా చికిత్స తర్వాత కళ్ళనూ చర్మాన్నీ ఎండనుంచి ఇరవైనాలుగు గంటలు కాపాడుకోవాలి.

మందుల జాబితా చూడకుండా వ్యాయామ పట్టిక రాయకూడదు. మెథోట్రెక్సేట్ సోరియాసిస్‌కు వారానికి ఒక్కసారి వేసుకునే మందు. వేసుకున్న మర్నాడు కొందరికి వికారం, నీరసం ఉంటాయి, కనుక ఆ రోజు తేలికపాటి నడకే ఉంచి, బరువుల వ్యాయామాన్ని వేరే రోజుకు మార్చాలి. సోరియాసిస్‌కే ఇచ్చే మరో మందు ఎసిట్రెటిన్ వాడేవారి చర్మం పొడిబారి సులువుగా చిట్లుతుంది, కండరాల నొప్పి కూడా రావచ్చు. ఏ మందునైనా రోగి సొంతంగా ఆపేశారని తెలిస్తే వెంటనే వైద్యుడికి తెలియజేయాలి. మింగే స్టెరాయిడ్లను ఒక్కసారిగా ఆపితే వ్యాధి ఉధృతంగా తిరగబెట్టవచ్చు.

చికిత్స ఆపి వైద్యుడి దగ్గరికి పంపవలసిన స్థితులు ఉన్నాయి. శరీరమంతా దాదాపుగా ఎర్రబడి, చలి పుట్టి, పొలుసులు రాలిపోతుండడం. మచ్చలమీద గానీ మామూలు చర్మంమీద గానీ చీముపొక్కులు గుంపుగా లేచి జ్వరం రావడం. ఒకే కీలు వేడిగా వాచి జ్వరం ఉండడం. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టి వెలుతురు చూడలేకపోవడం. ఒక్క పిక్క మాత్రమే వాచడం. శ్రమలో ఛాతీ పట్టేయడం. వీటిలో ఏదీ మరుసటి అపాయింట్‌మెంటుదాకా ఆగేది కాదు.

ప్రగతిని నాలుగైదు వారాలకొకసారి కొలవాలి. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారు, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, ఉదయం బిగుతు ఎన్ని నిమిషాలు ఉంటోంది అన్నవి రాసుకోవాలి. చర్మవ్యాధి రోజువారీ జీవితాన్ని ఎంతగా బాధిస్తోందో తెలుసుకోవడానికి పది ప్రశ్నలతో 0 నుంచి 30 దాకా లెక్కించే డీఎల్‌క్యూఐ ప్రశ్నావళి ఉంది. చర్మం అలాగే ఉండి కూడా ఆ అంకె తగ్గడం నేను చూశాను. నడవగలగడం, నిద్ర పట్టడం, నలుగురిలోకి వెళ్ళగలగడం అందులో లెక్కకు వస్తాయి.

వ్యాధి తిరగబెట్టే రోజుల కోసం పట్టికను ముందే రాసి ఇవ్వాలి, ఎందుకంటే ఆ రోజు రాగానే చాలామంది మొత్తం మానేస్తారు. ఆ పట్టికలో మూడే ఉంటే చాలు: ప్రతి కీలునూ రోజుకు రెండుసార్లు నొప్పి లేనంత దూరం కదిలించడం, ఇంట్లోనే ఐదేసి నిమిషాల నడక, పడుకునే ముందు పది నిమిషాలు నెమ్మదిగా పొట్టతో శ్వాస తీసుకోవడం. దాని వెనుకవైపు, ఆ వ్యక్తి చర్మం ఏ భంగిమలో పగిలింది, ఏ టేపు పడలేదు, ఏ పూత మంట పుట్టించింది, మచ్చ ఏ గాయం తర్వాత వచ్చింది అన్నవి తేదీలతో రాసి పెట్టాలి. వేరే ఊరిలో, వేరే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితాన్ని మొదట చూపించమని చెప్పాలి.